ఎవరు పోతే ఎవరికి మైల

చర్చిలో నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, గంట కొట్టడం, ఊడవడం, గోతులు తియ్యడం అని చెప్పేవాణ్ణి. ఆఖరిది వినగానే అడిగినవాళ్ళు కొంచెం పక్కకి జరిగేవారు. ఇప్పుడు గంటకి కరెంటు స్విచ్చి పెట్టారు. గోతులకి యంత్రం వస్తోంది. నేను ఇంట్లో కూర్చున్నాను. మొన్న సంఘం కుర్రాళ్ళు వచ్చి, "తాతా, నీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన సంగతొకటి రాసియ్యి, వార్షికోత్సవం పుస్తకంలో ఏత్తాం" అన్నారు. నేను చెప్తాను మీరు రాసుకోండిరా అంటే వినలేదు. నీకు రాయడం వచ్చు కదా, నువ్వే రాయి అన్నారు. వచ్చు. నలభై దాటాక వచ్చింది. అందుకని అక్షరాలు వంకరగా ఉంటాయి, మాట మాత్రం తిన్నగానే ఉంటుంది. అంతకంటే బాగా కావాలంటే ఎమ్మే చదివినవాణ్ణి పట్టుకోండి.

మీకు ఇంటిపేరంటే కాలేజీ కాగితంలో నింపే మొదటి గడి. మా రోజుల్లో అది గోడ. ఇంటిపేరు ఒకటే అయితే ఆడపిల్లా మగపిల్లాడూ అన్నాచెల్లెళ్ళ కింద లెక్క, వాళ్ళకి పెళ్ళి కుదరదు. మన తాతలు మిషనులో కలిసినప్పుడు బొట్టు వదిలేశారు, జాతర వదిలేశారు, జాతకం వదిలేశారు. ఈ లెక్క మాత్రం వదల్లేదు. ఎందుకు వదల్లేదని నన్నడక్కండి, నేను గోతులు తీసేవాణ్ణి.

మన సమాధుల తోటలో ఉత్తరం వైపు జీడిచెట్టు కింద ఒక పాత అరుగుంది, చూసే ఉంటారు. ఒకే అరుగు మీద రెండు సమాధులు. రాత ఏమీ లేదు. అవి సున్నపు వారి పెద్దలవి. సున్నపు అనేది ఇంటిపేరు. నాకు ముందు ఈ పని చేసిన ముసలాయన నాకొక కథ చెప్పాడు. నూరేళ్ళు దాటిన మాట. దక్షిణాది జిల్లాల్లో పెద్ద కరువొచ్చింది. అన్నదమ్ములిద్దరు అక్కణ్ణుంచి నడిచి నడిచి నర్సీపట్నం చేరారు. అప్పుడు మిషను బంగళా కడుతున్నారు. సున్నపు బట్టీలో పనికి కుదిరారు, బాప్తిస్మం తీసుకున్నారు, అందుకే సున్నపు వారయ్యారు. ఇద్దరూ ఒకే కలరాలో పోతే బట్టీ జనమంతా కలిసి ఒకే అరుగు కట్టారు. ముసలాయన ఇంకొంచెం ముందుకెళ్ళి, పోయేటప్పుడు అన్న చెయ్యి తమ్ముడు పట్టుకున్నాడని కూడా చెప్పేవాడు. నువ్వు చూశావా తాతా అంటే, "సూసినానని అన్నానేట్రా? సెప్పినాను" అనేవాడు.

ఊరంతా అదే కథ. రెండు సున్నపు కుటుంబాలూ ఆ అన్నదమ్ములిద్దరి సంతానమే అని అందరికీ తెలుసు. ఒక కుటుంబం నర్సీపట్నంలోనే ఉంది. రెండోది ఏటికొప్పాక దాటాక వరాహ నది ఒడ్డున ఒక పల్లెలో ఉంది.

ఇప్పుడు టీచరమ్మ గారి గురించి చెప్పాలి. నర్సీపట్నం సున్నపు వారి ఆడపడుచు. మిషను బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి పిల్లల్నీ వాళ్ళ పిల్లల్నీ తనే పెంచారు. తొంభైల మొదట్లో ఊరూరా అక్షరాస్యత తరగతులు పెట్టినప్పుడు, చర్చి వరండాలో సాయంత్రాలు మాకు పాఠం చెప్పింది ఆవిడే. నేను నల్లబల్ల మీద అక్షరాలు పట్టుకోలేకపోతుంటే నన్ను సమాధుల తోటలోకి తీసుకెళ్ళి, "నువ్వే పూడ్చావు కదా, ఇది ఎవరిదో నీకు తెలుసు. ఆ పేరు ఇక్కడ ఎలా ఉందో చూడు" అన్నారు. అలా చచ్చిపోయినవాళ్ళ పేర్లతో నాకు చదువొచ్చింది. తప్పు చదివితే వేలితో రాయి మీద టక్కున కొట్టేవారు. నన్ను కొట్టలేదు గానీ, ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడేవాణ్ణి.

తొంభైల ఆఖర్లో ఒక ఆదివారం. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చునంటారు. నా సర్వీసులో అంతవరకూ ఒక్కరూ లేచి నిలబడలేదు. ఆ వేళకి సగం మంది భోజనం గురించి ఆలోచిస్తుంటారు. అయ్యగారు, అంటే మా పాస్టరు, అప్పుడే కొత్తగా వచ్చిన చిన్నవాడు, రెండు పేర్లు మొదటిసారి చదివారు. అబ్బాయి సున్నపు, అమ్మాయి సున్నపు. చదువుతుంటేనే బల్లల మీద గుసగుసలు లేచాయి.

అబ్బాయి బస్సు డిపోలో మెకానిక్కు, టీచరమ్మ గారి తమ్ముడి మనవడు. అమ్మాయి ఏటి ఒడ్డు సున్నపు వారి పిల్ల, ఆసుపత్రిలో నర్సు. వాడు డిపోలో చెయ్యి కోసుకుని కుట్లకి వెళ్ళాడు, కుట్లు విప్పేశాక కూడా వెళ్తూనే ఉన్నాడు. రెండిళ్ళ పెద్దలూ ఏడాది గింజుకుని, ఎప్పటి సంగతో పోనీలే, నాలుగు తరాలు దాటింది కదా అని సర్దుకున్నారు. పెళ్ళి బట్టలు కూడా కొనేశారు.

"నాకు అభ్యంతరం ఉంది" అన్న మాట ఆడవాళ్ళ బల్లల వైపు నుంచి వినిపించింది. లేచి నిలబడ్డది టీచరమ్మ గారు. "ఆ ఇద్దరూ అన్నదమ్ముల సంతానం. వెనక తోటలో రెండు సమాధులూ ఒకే అరుగు మీద ఉన్నాయి. నేను పెంచిన పిల్లవాడని నోరు మూసుకుని కూర్చోలేను" అన్నారు. కూర్చున్నారు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రవాడి మొహం నేను చూశాను. మళ్ళీ చూడాలనిపించలేదు.

ప్రార్థన అయ్యాక పెద్దలు గదిలో కూర్చున్నారు. నేను మంచినీళ్ళిచ్చే మిషతో గుమ్మంలో ఉన్నాను. అయ్యగారు మెల్లగా, "చట్టంలో దీనికి అడ్డేమీ లేదండీ" అన్నారు.

పెద్దల్లో ఒకాయనకి గొంతు పెద్దది, ఏ మాటైనా వీధి చివరికి వినబడేది. "సట్టం మా ఇంటికి బోజనానికి రాదండీ అయ్యగారూ, బందువులొస్తారు" అన్నాడు. "సొంతింటి పెళ్ళికే అడ్డుపడిందంటే టీచరుగారిలో సోర్దం లేదు. ఆవిడే తేల్చాల. ఆవిడ అన్నదమ్ములంటే అన్నదమ్ములు, కాదంటే కాదు. మూడో ఆదివారం సెప్పమనండి."

పాత బాప్తిస్మం పుస్తకాలు చూద్దామన్నారు అయ్యగారు. చూడ్డానికేముంది, ఆ కాలంవి చెదపురుగులు ఎప్పుడో చదివేశాయి.

బయట వరండాలో కుర్రవాడు టీచరమ్మ గారి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పెంచినావిడని వాడు నాన్నమ్మ అనే పిలిచేవాడు. "నాన్నమ్మా, నువ్వు కాదంటే నాను సేసుకోను. కానీ మరి ఇంకెవర్నీ సేసుకోను. నువ్వున్నట్టే ఉండిపోతాను" అన్నాడు.

చెంప మీద కొట్టినా ఆవిడ అంత చలించి ఉండరు. వాడు వెళ్ళిపోయాక గొడుగు తీసుకుని మెట్లు దిగారు. తర్వాత నా వైపు తిరిగి, "బుధవారం నాతో ఏటికొప్పాక వైపు రా. సాక్షి కావాలి. నీకు సంతకం పెట్టడం వచ్చు. నోరు మాత్రం విప్పకు" అన్నారు.

బస్సులో నేను మాట్లాడకుండా ఉండలేకపోయాను. అన్నదమ్ములని ఇప్పుడు ఎలా తేలుస్తారమ్మా, ఎవరు బతికున్నారు చెప్పడానికి అన్నాను. ఆవిడ కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ చెప్పారు. వాళ్ళింట్లో పెళ్ళికి ముందురోజు కరువు ముద్ద అని ఒకటి చేస్తారట. గుప్పెడు బియ్యం ఉడికాక చోడిపిండి, అంటే రాగిపిండి పోసి, కర్రతో తిప్పి గట్టి ముద్ద చేస్తారు. ఉప్పు తప్ప ఏమీ ఉండదు. పెళ్ళివారంతా తలా ఒక ముద్ద మింగాలి. దక్షిణాన్నుంచి నడిచి వచ్చిన దారిలో తాత తిన్న తిండి అది. అత్త కోడలికి నేర్పుతుంది, ఆ కోడలు తన కోడలికి. "ఇద్దరూ కలిసి నడిచి వచ్చిన వాళ్ళయితే ఆ ముద్ద రెండిళ్ళలోనూ ఉండాలి" అన్నారు. మా వైపు చోడి అంటే అంబలే, గ్లాసుతో తాగేది. ముద్ద చేసే ఇల్లు ఊళ్ళో అదొక్కటే.

ఏటి ఒడ్డు ఇంటికి వెళ్ళేసరికి ఒక ముసలామె అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. పెళ్ళికూతురి నాన్నమ్మ. భర్త ఆ పల్లెలోనే మిషను బడి మేష్టరుగా చేసి పోయాడు. ఆయన గొయ్యి నేనే తీశాను. ముసలామె తల ఎత్తి టీచరమ్మ గారిని చూసింది. చేతిలో పని ఆపలేదు.

"రా ఆడపడుసా" అంది. "అలగ సూత్తావేటి? నిన్నూ మా ఆయన్నీ అన్నాసెల్లెల్లన్నారు గదా. ఆ లెక్కన నువ్వు నాకు ఆడపడుసువే."

టీచరమ్మ గారు మెట్టు మీద ఆగిపోయారు.

ఆ ముసలామె మాటల్ని బట్టి అప్పుడు నాకు తెలిసింది. టీచరమ్మ గారూ, ఆ మేష్టారూ వయసులో ఉన్నప్పుడు పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. టీచరమ్మ గారి నాన్నగారు అప్పట్లో సంఘానికి పెద్ద. ఇంటిపేరు ఒకటే, అరుగు ఒకటే, మీరు అన్నాచెల్లెళ్ళు అని ఒక్క మాటతో ఆపేశారు. ఆవిడ ఎదురు చెప్పలేదు. మేష్టారు తర్వాత ఈమెని చేసుకున్నారు. ఆవిడ ఎవరినీ చేసుకోలేదు. నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మేష్టారిని పూడ్చిన రోజు టీచరమ్మ గారు తోట గేటు బయట గొడుగేసుకుని నిలబడ్డారు. లోపలికి రండమ్మా అంటే, "నాకు లోపల పనేముంది?" అన్నారు. ఎండకి అలా అన్నారనుకున్నాను.

"ఇప్పుడు నా మనవరాలికీ అడ్డుపడ్డావట" అంది ముసలామె.

"తెలుసుకోవడానికి వచ్చాను" అన్నారు టీచరమ్మ గారు.

"ఇన్నాలకా?"

 ముసలామే చాప జరిపి, "కూకో. ఎండన పడొచ్చావు" అంది. అంతే, ఇద్దరూ చింతపండు బుట్టకి చెరోపక్క కూర్చున్నారు. టీచరమ్మ గారి చేతులు కూడా పిక్కలు తియ్యడం మొదలుపెట్టాయి. ఆడవాళ్ళు అలా ఎలా చెయ్యగలరో నాకు ఇప్పటికీ తెలియదు. మగవాళ్ళమైతే ఆపాటికి కర్రలు వెతికేవాళ్ళం.

"మీ ఇంట్లో పెళ్ళికి ముందురోజు ఏం వండుతారు?"

"ఏటొండుతాం, గారెలొండుతాం."

"ముద్ద చెయ్యరా? చోడిముద్ద, ఉప్పుతో?"

"పెళ్ళింట్లో సోడిముద్దేటి? సోడంబలైతే ఉంది, తాగుతావేటి?"

"మీ అత్తగారు ఎప్పుడూ చెయ్యలేదా?"

"మా అత్త పక్కన ఇరవయ్యేళ్ళు గరిటి పట్టినాను. అలాటిది సూడనేదు, ఇననేదు."

టీచరమ్మ గారు అంబలి గ్లాసు తీసుకుని చివరిదాకా తాగారు. ఆలోచించడానికి సమయం కావాలని తాగారు గానీ దాహమేసి కాదు. తర్వాత అడిగిన ప్రశ్నకి నేను బిత్తరపోయాను.

"మీ ఇంట్లో చావులకి ఎవరెవరు వస్తారు?"

ముసలామె చెయ్యి ఆగింది. "మీవోల్లొస్తారు. సంగపోల్లొస్తారు. ఆ ఏటవతలోల్లొస్తారు."

"ఏటవతల వాళ్ళెవరు?"

"ఏటో మరి. అటేపు రైతులు. మా మావ పోయినప్పుడొచ్చినారు. ఈయన పోయినప్పుడూ నర్సీపట్నం దాకా వొచ్చినారు. తోట గేటు కాడ నిలబడి ఎల్లిపోతారు, మంచినీల్లు ముట్టరు. పెళ్ళికి పిలిత్తే రారు, సావుకి పిలకపోయినా వత్తారు. మా మావని అడిగితే, మనకి కావలసినోల్లే అనీవోడు. అంతకి మించి ఆయనకీ తెల్దు."

మేష్టారి చావు రోజున గేటు బయట తలపాగాలు చేత్తో పట్టుకుని నలుగురు రైతులు నిలబడ్డ మాట నిజమే. టీచరమ్మ గారూ అక్కడే నిలబడ్డారు కదా, ఆవిడ కూడా చూశారు. "పెళ్ళికి ఎవరినైనా పిలవచ్చు. చావుకి రాకపోతే కుదరని వాళ్ళు ఎవరో కనుక్కోవాలి" అంటూ లేచారు. చెప్పులు చేతిలో పట్టుకుని ఏటిలోకి దిగారు. మోకాలి లోతు నీళ్ళు, మిగతాదంతా ఇసక. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, నా చెయ్యి పట్టుకోలేదు.

అవతల ఒడ్డున బెల్లం వండుతున్నారు. పెనం దగ్గర కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "రండమ్మా, ఏడిబెల్లం తిందురుగాని" అన్నాడు. టీచరమ్మ గారు బెల్లం చేతిలోకి తీసుకున్నారు గానీ తినలేదు.

"పెద్దాయనా, మీరు ఏటివతల సున్నపు వారింట్లో చావులకి వెళ్తారట. ఎందుకని?"

"ఎల్లకపోతే ఎలగమ్మా? ఆల్లు మా పాలోల్లు. ఆల్లింట్లో ఎవులు పోయినా మాకు పది రోజులు మైల."

పాలివాళ్ళంటే ఒక తండ్రి సంతానం, మగవాళ్ళ వైపు నుంచి. వాళ్ళలో ఎవరు పోయినా మిగతావాళ్ళు మైల పడతారు, పది రోజులు దేవుడి దీపం వెలిగించరు, పండగ చెయ్యరు.

"వాళ్ళు క్రైస్తవులు కదా. ఇంటిపేరు కూడా వేరు."

"మా ముత్తాతా, ఆడి తమ్ముడూ ఈ ఊల్లోనే పుట్టినారమ్మా. తమ్ముడు నర్సీపట్నం సున్నపు బట్టీకి పనికెల్లాడు. మరి రానేదు, మిసనులో కలిసిపోనాడు. బట్టీలో పనిసేసీవోల్లందర్నీ సున్నపోల్లనే పిలిసీవోరట, అదే పేరు నిలిసిపోయింది. పేరు మార్సుకున్నాడు, దేవుణ్ణి మార్సుకున్నాడు. తోడబుట్టినోడు కాకుండా పోతాడేటి? ఆడి కొడుకు మల్లీ ఏటొడ్డుకే వచ్చి ఇల్లేసుకున్నాడు. అప్పట్నుంచీ మావోల్లు మైల పడతానే ఉన్నారు."

టీచరమ్మ గారు ఒక అడుగు ముందుకేశారు. "మరి నర్సీపట్నంలో ఇంకో సున్నపు వారున్నారు. వాళ్ళింట్లో ఎవరైనా పోతే?"

"ఆల్లెవులు? ఆల్లతో మాకేటి సమ్మందం?"

"వాళ్ళ తాతా మీ ముత్తాత తమ్ముడూ అన్నదమ్ములంటారు."

పెద్దాయన నవ్వాడు. "ఎవులన్నారమ్మా? మా ముత్తాతకి ఒక్కడే తమ్ముడు. ఆ రెండోవోడు ఎక్కడో దచ్చినాన్నుంచి నడిసొచ్చినోడట. ఇద్దరూ ఒకే బట్టీకాడ బూడిద మింగినారు, అంతే."

"పోయినేడు నా తమ్ముడు పోయాడు" అన్నారు టీచరమ్మ గారు. "మీరు స్నానం చేశారా?"

పెద్దాయన నవ్వు పోయింది. లేచి నిలబడ్డాడు. "లేదమ్మా. మాకు తగలదు. తగిలీదైతే వచ్చీవోల్లమే."

అంతే. సంగతి తేలిపోయింది. నేను ఒకటి అడగకుండా ఉండలేకపోయాను. గేటు దాటి లోపలికి ఎందుకు రారు, మేమేమైనా అంటామా అన్నాను. "అదేటిబాబూ," అన్నాడాయన, "మైల మీద పడ్డాక ఒకరి దేవుడి జాగాలోకి ఎలగొస్తాం? మీ దేవుడికి మాత్రం తగలదేటి?" నూరేళ్ళుగా వాళ్ళు గేటు బయట నిలబడింది మమ్మల్ని అసహ్యించుకుని కాదు, మా చోటుని గౌరవించి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఖాళీగా ఉంది.  బెల్లం ముక్క ఇంకా చేతిలోనే ఉంది, కరిగి వేళ్ళకి అంటుకుంది. నర్సీపట్నం దగ్గర పడ్డాక అన్నారు: "ఏరు అప్పుడూ అక్కడే ఉంది. మోకాలి లోతే. మా నాన్న దాటలేదు. ఒడ్డునే ఉండి ఆయనా దాటలేదు. నేనూ దాటలేదు."

 నాకు తోచింది అన్నాను. "అమ్మా, ముద్ద సంగతొక్కటే సెప్పండి. ఏదో తేల్లేదని సెప్పి పెళ్ళి సేసీమనండి. పాతదంతా ఎందుకు తవ్వడం?"

"గోతులు తీసేవాడివి నువ్వా అనేది?" అన్నారు. నవ్వారో లేదో చీకటి పడుతుండడం వల్ల కనిపించలేదు.

మీరు ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. ఆవిడ "అన్నదమ్ములే" అంటే సంఘం నమ్మేది. ఏరు దాటి అడగడానికి ఇంకెవరూ వెళ్ళేవారు కాదు. నిజం చెబితే అబ్బాయి బతుకు బాగుపడుతుంది. కానీ తన బతుకంతా దేనికోసం అలా గడిచిందంటే జవాబు ఉండదు. పైగా మా తోటలో అందరికంటే ఎత్తైన రాయి ఆవిడ నాన్నగారిది. ఆయన మాట అంటే సంఘానికి గురి. మూడో ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ తోటలోకి వచ్చారు. నా చేతిలో చీపురు తీసుకున్నారు. నాన్నగారి సమాధి చుట్టూ ఆకులన్నీ తనే ఊడ్చారు. చీపురు తిరిగి ఇచ్చి వెళ్ళిపోయారు. ఏం చెప్తారో నాకు అప్పటికీ తెలియదు.

మూడో ఆదివారం చర్చి నిండిపోయింది. కిటికీల్లో కూడా జనం. ఏటి ఒడ్డు ముసలామె మనవరాలి భుజం పట్టుకుని ముందు బల్లలో కూర్చుంది. అయ్యగారు ప్రకటన చదివి ఆగారు. టీచరమ్మ గారు లేచారు.

"నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్ళు అన్నదమ్ములు కారు" అన్నారు. ముద్ద సంగతి, మైల సంగతి, బట్టీ సంగతి, పాఠం చెప్పినట్టు వరసగా చెప్పారు.

పెద్ద గొంతు ఆయన ఊరుకుంటాడా? "టీచరుగారూ, తప్పుగా అనుకోకండి. మనం క్రైస్తవులం. మనకి మైలేటి? మైలని సాచ్చెంగా తెస్తే సర్చిలో ఎలగండీ?" అన్నాడు. కొందరు నవ్వారు.

"మనం మానేశాం" అన్నారు ఆవిడ. "వాళ్ళు మానలేదు. మన మనిషి వాళ్ళ మనిషే అని మనం మరిచిపోయాం, వాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. ఏరు దాటి వచ్చి మన గేటు బయట నిలబడ్డారు. ఇంతకంటే మంచి సాక్ష్యం మీ దగ్గరుంటే చెప్పండి."

ఆయన కూర్చున్నాడు. అయ్యగారు నా వైపు చూశారు. నేను లేచి, "అవునండీ, నానూ ఇన్నాను" అన్నాను. చర్చిలో నేను నోరు విప్పి మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఆవిడ ఇంకా కూర్చోలేదు. "ఇదే మాట ఒకప్పుడు నాకూ చెప్పారు" అన్నారు. "చెప్పినవారు నాకు ప్రాణం. అబద్ధం చెప్పలేదు. అడగకుండా చెప్పారు, నేను అడగకుండా నమ్మాను. ఈ పిల్లలు అడిగించారు." అప్పుడు కూర్చున్నారు. వయసు మళ్ళినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు, వాళ్ళకి పాత సంగతి తెలుసు. తెలియనివాళ్ళు పక్కవాళ్ళని గిల్లి అడిగి తెలుసుకున్నారు. ముందు బల్లలో ముసలామె మాత్రం వెనక్కి తిరిగి టీచరమ్మ గారిని చాలాసేపు చూసింది.

పెళ్ళికి ముందురోజు టీచరమ్మ గారు పెళ్ళికూతుర్ని పిలిపించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, కర్ర చేతికిచ్చి ముద్ద తిప్పించారు. ఆ పిల్లకి ఇంజక్షన్లు ఇవ్వడం వచ్చు గానీ ముద్ద తిప్పడం రాలేదు. సగం పొయ్యిలో పడింది. "కరువులో ఇంత పారబోస్తే మా తాత ఇక్కడిదాకా వచ్చేవాడు కాదు" అని టీచరమ్మ గారు అంటే ఇల్లంతా నవ్వారు. నాకూ ఒక ముద్ద పెట్టారు. నిజం చెప్పాలంటే ఏమీ బాగోదు. బాగోకూడదట.

మర్నాడు పెళ్ళికి ఏటవతల పెద్దాయన తన మనుషులతో వచ్చాడు. టీచరమ్మ గారు స్వయంగా వెళ్ళి పిలిచారు. చర్చి గేటు దగ్గర ఆగబోతే నేనే, "ఇయాల మైల నేదు గదా, లోపలికి రండి" అన్నాను. "సావులకే వచ్చీవోల్లం. పెళ్ళి బోజనం ఎలగుంటాదో సూద్దారని వచ్చినాం" అన్నాడు. బంతిలో మొదట కూర్చున్నది ఆయనే.

ఈస్టరుకి సమాధులకి సున్నం వేస్తున్నప్పుడు టీచరమ్మ గారు తోటలో కనిపిస్తే అడిగాను. ఆ పాత అరుగు మీద ఇద్దరూ అన్నదమ్ములు కారని తేలింది కదా, మధ్యలో గోడలాంటిది కట్టమంటారా అని. "వాళ్ళు అన్నదమ్ములమని ఎప్పుడూ చెప్పలేదు. మనమే అన్నాం" అన్నారు. "ఒక బట్టీ దగ్గర బూడిద మింగిన వాళ్ళు. అలాగే ఉండనీ." ఇప్పటికీ అది ఒకే అరుగు. ఎవరైనా వచ్చి ఇవి అన్నదమ్ముల సమాధులా అని అడిగితే కాదని చెప్పండి. ఎలా తెలుసంటే ఇది చదివించండి.

ఆవిడ పోయింది రెండువేలు దాటాక, నా సర్వీసు ఇంకా ఉండగానే. గొయ్యి నేనే తీశాను. యంత్రం తెస్తామంటే వద్దన్నాను. ఎంత లోతు తీశానో చూసేవాళ్ళు ఎవరూ లేరు గానీ, తప్పు చేస్తే రాయి మీద వేలు టక్కున కొడుతుందేమో అన్నంత జాగ్రత్తగా తీశాను. ఏటి ఒడ్డు ముసలామె కూడా వచ్చింది. అప్పటికి నడవలేదు. మనవరాలూ, టీచరమ్మ గారు పెంచిన మెకానిక్కు కుర్రవాడూ చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. ఎండగా ఉంది, అంత దూరం గతుకుల్లో నడిపించడం ఎందుకని గేటు దగ్గర నీడలో కుర్చీ వేశాను.

ఆమె కుర్చీ వైపు చూసింది, నా వైపు చూసింది.

"గేటు కాడ నిలబడ్డానికి వచ్చానేట్రా నాను?" అంది. "పద లోనికి."

గొయ్యి అంచున మనవరాలు పట్టుకుంటే వంగి, గుప్పెడు మట్టి తీసుకుంది. వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు కదా. ఒకప్పుడు ఆడపడుసా అని ఎత్తిపొడిచిన మనిషి, ఇప్పుడు ఆ పిలుపే పిలిచింది.

"ఎల్లిరా వదినా" అంది.